తాలుకాయలు, లాంబ్డాలు

ముందే చెప్పేస్తున్నాను, ఈ టపా భౌతికశాస్త్రం గురించి. "వారాంతం పూట ఇదేం గోలండీ బాబూ" అనుకునేవాళ్ళు ఇక్కడి నుంచే వెనక్కి వెళ్ళిపోవచ్చు, నేనేమీ అనుకోను. ఉండేవాళ్ళకి మాత్రం ఒక హామీ. సమీకరణం ఒక్కటి కూడా ఉండదు. దారిలో గుంటూరు మిరపకాయలు తగులుతాయి.

నేను ఫిజిక్స్ చదివినవాణ్ణి కాను. ఎంసెట్ కోసం బట్టీ పట్టిన ఫిజిక్స్ ఎంసెట్ అయిన మర్నాడే మర్చిపోయిన బాపతు. 2000లో కన్సల్టెంటుగా అమెరికా వచ్చినప్పుడు మొదటి ప్రాజెక్టు వర్జీనియాలో న్యూపోర్ట్ న్యూస్ అనే ఊళ్ళో పడింది. ఓడలు కట్టే ఊరు. మనవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. కరివేపాకు కావాలంటే ఓ గంటన్నా కారు నడపాలి. ఆ ఊళ్ళోనే జెఫర్సన్ ల్యాబ్ అని ఒక పెద్ద పరిశోధనశాల ఉంది. భూమికి ఎనిమిది మీటర్ల లోతున, గుర్రప్పందేల మైదానం ఆకారంలో, చుట్టూ తిరిగితే దాదాపు 1.4 కిలోమీటర్ల సొరంగం. దాంట్లో ఎలక్ట్రాన్లని పరిగెత్తిస్తారు. అప్పుడప్పుడూ ఒక రోజు జనానికి తలుపులు తీసి లోపలంతా చూపిస్తారు. ఊళ్ళో చూడ్డానికి ఇంకేమీ లేక నేనూ వెళ్ళాను.

అక్కడ ఒక పరిశోధక విద్యార్థి, బహుశా పొద్దుటి నుంచీ అదే పాఠం వందోసారి చెబుతున్నాడేమో, అలసటగా నవ్వుతూ అన్నాడు: "మేము ఇక్కడ కేంద్రకంలోకి ఒక పరాయివాణ్ణి పంపిస్తాం. వాడు లోపల ఎక్కడ కూర్చుంటాడో చూస్తాం. సెకనులో వందకోట్లో వంతు కూడా గడవకముందే వాడు మాయమైపోతాడు."

చేతిలో మూడేళ్ళ వీసా, నెత్తిన దాని గడువు పెట్టుకుని తిరుగుతున్న నాకు ఆ మాట ఎక్కడో తగిలింది. అప్పటి నుంచి ఇది నాకొక పిచ్చి. కొంతమందికి క్రికెట్ స్కోర్లు, నాకు హైపర్ కేంద్రకాలు!

సరే, అసలు సంగతికొద్దాం.

పరమాణువు మధ్యలో కేంద్రకం ఉంటుందనీ, అందులో ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఉంటాయనీ మనందరం చదువుకున్నదే. వాటి లోపల అప్, డౌన్ అని రెండు రకాల క్వార్కులున్నాయి. మనం, మన ఇల్లు, పొద్దున తిన్న ఇడ్లీ, పక్కనున్న కొబ్బరి చట్నీ, అన్నిట్లోని కేంద్రకాలూ ఈ రెండు రకాలతోనే తయారయ్యాయి. అయితే ప్రకృతి దగ్గర మూడో రకం కూడా ఉంది. దాని పేరు స్ట్రేంజ్ క్వార్కు. మనం వింత క్వార్కు అందాం. న్యూట్రానులో ఉన్న రెండు డౌన్ క్వార్కుల్లో ఒకటి తీసేసి దాని చోట ఒక వింత క్వార్కు పెడితే వచ్చే కణం పేరు లాంబ్డా. ప్రోటాను కంటే పందొమ్మిది శాతం బరువెక్కువ, విద్యుదావేశం లేదు. ఇలా వింత క్వార్కులున్న కుటుంబాన్ని హైపరాన్లు అంటారు. లాంబ్డా, సిగ్మా, గ్జై, ఒమేగా అని వాళ్ళలో అన్నదమ్ములు.

'వింత' అనే పేరు ఊరికే రాలేదు. ఈ కణాలు పుట్టడానికి పట్టే సమయం దశాంశ బిందువు తర్వాత ఇరవై రెండు సున్నాలు పెట్టి ఒకటి వేసినంత. అంత వేగంగా పుట్టినది అంతే వేగంగా పోవాలి కదా? పోదు. లాంబ్డా సగటున 263 పికో సెకన్లు బతుకుతుంది. పికో సెకను అంటే సెకనులో లక్ష కోట్లో వంతు. మనకది ఏ లెక్కలోకీ రాదు. అంత సేపట్లో కాంతి కూడా ఎనిమిది సెంటీమీటర్లు దాటదు. దాని పుట్టుకతో పోల్చి చూస్తే మాత్రం, ఒక సెకనులో పుట్టినవాడు లక్షల ఏళ్ళు బతికినట్టు. అందుకే 1950ల మొదట్లో అందరూ తలలు పట్టుకున్నారు. చివరికి గెల్‌మాన్, నిషిజిమా విడివిడిగా ఈ కణాలకి 'వింతదనం' అనే ఒక గుణం ఉందనీ, అది పోవాలంటే చాలా నెమ్మదైన దారిలో పోవాలనీ తేల్చారు.

అన్నట్టు, లాంబ్డాని మొదట పట్టుకున్న ఇద్దరిలో ఒకరు మనదేశస్థుడే. 1950లో మెల్బోర్న్ విశ్వవిద్యాలయంలో హాపర్, బిశ్వాస్ అనే ఇద్దరు బెలూనులో పైకి పంపిన ఫోటో పలకల్లో దీని జాడ చూశారు. ఆ సుకుమార్ బిశ్వాస్ గారు తర్వాత బొంబాయిలో టాటా సంస్థలో చాలాకాలం పనిచేశారు. ఆ సంస్థకే మన హైదరాబాదులో బెలూన్లు ఎగరేసే కేంద్రం ఉంది. హైదరాబాదు భూ అయస్కాంత మధ్యరేఖకి దగ్గర కావడంతో కాస్మిక్ కిరణాల పనికి బాగా కలిసొచ్చే ఊరు. ఇప్పటికీ బెలూన్లు వదిలేటప్పుడు "పొలాల్లో మా పరికరాలు పడితే భయపడకండి, ముట్టుకోకండి, కబురు చెయ్యండి" అని పేపర్లలో ప్రకటన ఇస్తుంటారు.

ఇక హైపర్ కేంద్రకం. ఇది 1952లో వార్సాలో దొరికింది. యుద్ధంలో నేలమట్టమై అప్పుడప్పుడే లేస్తున్న నగరం. యాక్సిలరేటర్లు లేవు, డబ్బు లేదు. మరియన్ డానిష్, యెజీ ప్న్యెవ్‌స్కీ అనే ఇద్దరి దగ్గర ఉన్నది ఒక సూక్ష్మదర్శిని, బెలూనులో దాదాపు 26 కిలోమీటర్ల ఎత్తుకి వెళ్ళొచ్చిన ఫోటో ఎమల్షన్ పలకలు. ఎమల్షన్ అంటే మందంగా పూసిన ఫోటో ఫిల్మే అనుకోండి. కణం దాంట్లోంచి వెళితే, కడిగిన తర్వాత నల్లటి చుక్కల గీత కనిపిస్తుంది. ఒక చోట కాస్మిక్ కిరణం తగిలి కేంద్రకం పగిలింది, నక్షత్రంలా గీతలు నలుదిక్కులా పోయాయి. అది మామూలే. వింతేమిటంటే అందులో ఒక ముక్క కొంచెం దూరం పోయి ఆగింది. ఆగి, మళ్ళీ తనంతట తాను పేలింది. అంత శక్తి కడుపులో పెట్టుకుని అంతసేపు ఆగడం మామూలు కేంద్రకం వల్ల కాదు. లోపల ఒక న్యూట్రాను బదులు లాంబ్డా ఉంది అనుకుంటే లెక్క సరిపోయింది. 1953లో ప్రచురించారు.

లాంబ్డా లోపలికి వెళితే ఏమవుతుందో మన అపార్టుమెంట్ల భాషలో చెబుతాను. కేంద్రకం ఒక అపార్టుమెంటు. పౌలీ గారి నియమం ప్రకారం ఒక్కో గదిలో ఒక్కో రకం కణాలు ఇద్దరికి మించి ఉండకూడదు. కింది అంతస్తులు ముందే నిండిపోతాయి. కొత్తగా వచ్చిన న్యూట్రాను పైన ఎక్కడో సర్దుకోవాలి. లాంబ్డా వేరే రకం కదా, దానికి ఈ నియమం అడ్డురాదు. తిన్నగా అడుగు అంతస్తుకి, ఇంటి పెద్దల నడుమకి వెళ్ళి కూర్చుంటుంది. అందువల్లే మామూలుగా ఎవరికీ కనబడని లోపలి గదుల సంగతి ఈ అతిథి ద్వారా మనకి తెలుస్తుంది.

ఇది ఊహ కాదు. జపాన్‌లోని త్సుకుబాలో, కెఇకె అనే పరిశోధనశాలలో, ఇట్రియం కేంద్రకంలో లాంబ్డాని పెట్టి చూశారు. ఎస్, పి, డి, ఎఫ్ అని మెట్లు మెట్లుగా శక్తి స్థాయులు స్పష్టంగా కనిపించాయి. 2001లో అచ్చయిన ఆ గ్రాఫు నేను ప్రింటు తీసి క్యూబికల్లో అంటించుకున్నాను. చూసినవాళ్ళు స్టాక్ మార్కెట్ అనుకునేవారు. ఆ మెట్ల నుంచి తేలింది ఏమిటంటే, న్యూట్రానుని కేంద్రకం దాదాపు 50 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల లోతున్న గుంటలో పట్టి ఉంచితే, లాంబ్డాకి ఆ గుంట లోతు 30 లోపే. ఇంట్లోకి రానిస్తారు, పెద్దల పక్కన కూర్చోనిస్తారు, కానీ పట్టు కాస్త తక్కువ. పరాయి దేశంలో బతికేవాళ్ళకి ఇది వివరించి చెప్పక్కర్లేదనుకుంటా!

ఇంకో ముచ్చట. లిథియం కేంద్రకంలో లాంబ్డా చేరినప్పుడు వచ్చే గామా కిరణాలని కొలిచి చూస్తే ఆ కేంద్రకం పరిమాణం దాదాపు 19 శాతం కుంచించుకుపోయిందని తేలింది. ఇదీ కెఇకె పనే, ఇదీ 2001లోనే. దూరదూరంగా ఉన్న ఇంటివాళ్ళని వచ్చిన చుట్టం దగ్గర చేసిందన్నమాట.

అన్ని చుట్టరికాలూ ఒకలా ఉండవు లెండి. ఒక ప్రోటాను, ఒక న్యూట్రాను, ఒక లాంబ్డా కలిస్తే హైపర్‌ట్రైటాన్ అంటారు. హైపర్ కేంద్రకాల్లో ఇదే అన్నిటికన్నా తేలిక. ఇందులో లాంబ్డాకి ఉన్న పట్టు ఒక మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులో పదో వంతు, అంతే. మిగతా ఇద్దరి నుంచి అంత దూరంగా, అరుగు మీద కూర్చున్న చుట్టంలా ఉంటుంది. అరుగు మీద ఉన్నవాడి ఆయుష్షు బయటివాడి ఆయుష్షులాగే ఉండాలి. కానీ 2010ల్లో జర్మనీలోనూ అమెరికాలోనూ చేసిన కొన్ని కొలతల్లో చాలా తక్కువ వచ్చింది. పెద్ద తికమక. చివరికి జెనీవా దగ్గర సెర్న్‌లోని అలీస్ బృందం 2023లో 253 పికో సెకన్లని ప్రచురించాక, అరుగు లెక్కే నిజమనిపిస్తోంది.

ఇంతకీ మా ఊరి ల్యాబ్ చేసేదేమిటి? ఎలక్ట్రానుతో కార్బన్ కేంద్రకంలో ఒక ప్రోటానుని కొడతారు. ఆ ప్రోటాను లాంబ్డాగా మారి లోపలే ఉండిపోతుంది, ఒక కేయాన్ బయటికి వస్తుంది. బయటికొచ్చిన ఎలక్ట్రానునీ, కేయాన్‌నీ చాలా జాగ్రత్తగా తూచి, లోపల మిగిలినదాని శక్తి లెక్కగడతారు. కార్బన్ పోయి లాంబ్డా ఉన్న బోరాన్ అవుతుంది. ఈ పద్ధతిలో మొదటి ప్రయోగం 2000లో అక్కడే జరిగింది. నేను అదే ఏడు అదే ఊళ్ళో దిగి, అంట్లు తోముకుంటూ, గ్రీన్ కార్డు గురించి బెంగపడుతూ ఉన్నాను. అప్పుడు తెలియదు.

"ఇవన్నీ తెలుసుకుని ఏం చేసుకుంటారు?" అని మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. సమాధానం ఆకాశంలో ఉంది. పెద్ద నక్షత్రం చచ్చిపోతే న్యూట్రాన్ నక్షత్రం మిగలొచ్చు. సూర్యుడి కంటే ఎక్కువ బరువు, హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు లోపల పట్టేంత గోళం. లోపల న్యూట్రాన్లు ఎంతలా కిక్కిరిసిపోతాయంటే, పౌలీ నియమం వల్ల కొత్తవాళ్ళు పై అంతస్తులకి ఎక్కలేక ఎక్కలేక, ఒక దశలో "ఇంతకంటే లాంబ్డాగా మారిపోవడమే చవక" అయిపోతుంది. లెక్క ప్రకారం అలా మారాలి. అలా మారితే లోపలి ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడి తగ్గితే నక్షత్రం ఎక్కువ బరువు మొయ్యలేదు, కూలి కృష్ణబిలం అయిపోవాలి. చాలా లెక్కల్లో సూర్యుడికి రెండింతల బరువు కూడా మొయ్యలేదని వచ్చింది. కానీ 2010లో ఒకటి, 2013లో ఇంకొకటి, దాదాపు రెండు సూర్యుల బరువున్న నక్షత్రాలు నిక్షేపంగా తిరుగుతూ కనబడ్డాయి! దీన్నే హైపరాన్ చిక్కుముడి అంటున్నారు. లాంబ్డాకీ రెండు న్యూట్రాన్లకీ కలిపి, ముగ్గురూ దగ్గరైనప్పుడు మాత్రమే పుట్టే వికర్షణ ఏదో ఉండాలని కొందరి అభిప్రాయం. అది ఉందో లేదో తేల్చాలంటే ఇక్కడ భూమి మీద హైపర్ కేంద్రకాలని మరింత నిక్కచ్చిగా కొలవాలి.

కొలవడమే కష్టం. ప్రోటానుని ప్రోటానుతో కొట్టిన ప్రయోగాల కొలతలు వేలల్లో ఉన్నాయి. లాంబ్డాని ప్రోటానుతో కొట్టినవి దశాబ్దాల తరబడి పదుల్లోనే ఉండిపోయాయి, అవీ ఎక్కువగా 1960ల నాటి బబుల్ ఛాంబర్ ఫోటోలు. పాపం, 263 పికో సెకన్లలో ఎవరిని పట్టుకుని ఎవరి మీదికి విసురుతాం? ఈమధ్యే జపాన్‌లోని జె-పార్క్‌లో సిగ్మాలతో, జెఫర్సన్ ల్యాబ్‌లో లాంబ్డాలతో కొత్త కొలతలు వచ్చాయి.

ఒక లాంబ్డాకే ఇంత అవస్థ అయితే, రెండు లాంబ్డాలు ఒకదాన్నొకటి ఎలా చూసుకుంటాయో తెలియాలంటే? రెండూ ఒకే కేంద్రకంలో ఉండాలి. అలాంటిదాన్ని 1963లో మళ్ళీ డానిష్ బృందమే ఎమల్షన్లో చూసింది. తర్వాత చాలాకాలం అనుమానాలు, వాదనలు. 2001లో కెఇకె ప్రయోగంలో, ఎమల్షన్ పలకల్లో, తిరుగులేని ఒక్క సంఘటన దొరికింది. రెండు వింత క్వార్కులున్న గ్జై కణం ఒక కార్బన్ కేంద్రకంలో పడి, అక్కడ రెండు లాంబ్డాలై, ఆ రెండూ ఒక హీలియం ముక్కలో చిక్కుకున్నాయి. గీతల పొడవులు మైక్రాన్లలో. దానికి నగర అని పేరు పెట్టారు. మన నగరం కాదండోయ్, అక్కడి గిఫు ప్రాంతంలో పారే నది పేరు. ఆ ఒక్క బొమ్మ నుంచి తేలింది ఏమిటంటే, లాంబ్డాల మధ్య ఆకర్షణ ఉంది కానీ చాలా కొంచెం, 0.67 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. ఆరు క్వార్కులు గట్టిగా ముద్దకట్టి ఉండొచ్చని 1977లో జాఫీ అనే ఆయన చెప్పిన కణం, ఉన్నా అంత గట్టిది కాదనీ తేలింది. తర్వాత దొరికినవాటికి కిసో, మినో, ఇబుకి అని పేర్లు. ఒకదానికి మయన్మార్ నది పేరు, ఐరావతి.

ఇక్కడికొచ్చాక నా ఆలోచన ఫిజిక్స్ వదిలేసి ఇంకెటో పోయింది. ఆ పలకల్లో గీతలు వెతికినవాళ్ళెవరు?

ఎమల్షన్ పని అంటే రోజంతా సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టి కూర్చోవడం. 1940ల్లో బ్రిస్టల్‌లో పావెల్ గారు ఈ పనికి ఫిజిక్స్ చదవని యువతులని పెట్టుకున్నారు. 1947లో పయాన్ క్షయించడం మొట్టమొదట కంటబడింది వాళ్ళలో ఒకరైన మారియెట్టా కుర్జ్‌కి. 1948లో రోజ్మరీ బ్రౌన్ అనే ఇరవై రెండేళ్ళ పరిశోధక విద్యార్థిని ఒక గీత మూడుగా చీలడం చూసింది. అది ఇప్పుడు మనం కేయాన్ అంటున్న కణం. అది లేకపోతే హైపర్ కేంద్రకాల తయారీయే లేదు. ఆవిడ పెళ్ళి చేసుకుని చదువు ఆపేశారు. 2024లో, తొంభై ఎనిమిదేళ్ళ వయసులో, అదే విశ్వవిద్యాలయం ఆవిడకి గౌరవ డాక్టరేటు ఇచ్చింది. వీళ్ళకంటే ముందే మన కలకత్తాలో బిభా చౌధురి గారు, దేవేంద్రమోహన్ బోస్ గారితో కలిసి, డార్జిలింగ్ కొండల మీద పలకలు పెట్టి ఇదే పని చేశారు. యుద్ధం వల్ల మంచి రకం పలకలు దొరక్క ఆగిపోయారు.

మా అమ్మ కూడా ఒక రకంగా స్కానరే.

గుంటూరులో మిర్చి సీజనొస్తే మా ఊరి ఆడవాళ్ళు ట్రాక్టరెక్కి పనికి వెళ్ళేవాళ్ళు. తొడిమలు తియ్యడం, తాలుకాయలు ఏరడం. ఎర్రటి కుప్ప ముందు కూర్చుని, రంగు మారిన కాయ, తెల్లబడిన కాయ, పుచ్చు కాయ వేరు చెయ్యాలి. ఏరని సరుక్కి రేటు రాదు. కిలోల లెక్కన కూలి. సాయంత్రానికి కళ్ళు, చేతులు మంటలు. అమ్మ ఇంటికొచ్చాక మజ్జిగలో చేతులు ముంచి కూర్చునేది. నా డిప్లొమా ఫీజూ, ఆ తర్వాత ఇంజనీరింగు ఫీజూ ఆ మజ్జిగ గిన్నె దగ్గరి నుంచి వచ్చినవే.

మొన్నామధ్య ఆదివారం ఫోన్లో ఈ జపాన్ కథంతా చెప్పాను. జె-పార్క్‌లో ఈసారి రెండు టన్నుల ఎమల్షన్ వాడారనీ, 2016-17ల్లో కిరణాలు తగిలించారనీ, అదంతా మనుషులే కూర్చుని ఏరాలంటే తరాలు పడుతుందనీ.

"రెండు టన్నులంటే ఎన్ని టిక్కీలురా?" అంది.

"యాభై దాకా ఉంటాయేమో అమ్మా."

"అంతేనా! దానికి తరాలెందుకురా, పది మందిమి పోతే వారం."

"కాయ కంటికి కనబడదమ్మా. వెంట్రుక మందంలో సగం కూడా ఉండదు."

కాసేపు ఊరుకుంది. తర్వాత, "మరిప్పుడు మిషనుతో ఏరతన్నారా?" అని అడిగింది. అమ్మకి నేను ఆ మాట ఇంకా చెప్పలేదు. సార్టెక్స్ బియ్యం వచ్చాక మా ఊరి మిల్లులో రాళ్ళు ఏరే పని ఎలా పోయిందో ఆవిడ చూసింది కదా, అందుకని తనే ఊహించింది.

నిజమే, ఇప్పుడు మిషనుతోనే ఏరుతున్నారు. జపాన్‌లో సైతో అనే ఆయన బృందం పలకల్ని కంప్యూటరుతో ఫోటోలు తీయించి, హైపర్ కేంద్రకం ఎలా ఉంటుందో డీప్ లెర్నింగ్ ప్రోగ్రాముకి నేర్పింది. నేర్పడానికి కావలసినన్ని నిజం బొమ్మలు లేవు, ఉన్నవి అతి కొద్ది. అందుకని సిమ్యులేషన్‌తో గీతలు గీసి, వాటిని అచ్చం ఎమల్షన్ ఫోటోల్లా కనబడేట్టు ఇంకో ప్రోగ్రాముతో మార్చి, ఆ దొంగ బొమ్మలతో నేర్పారు. 2021లో దాని సాయంతో హైపర్‌ట్రైటాన్‌ని గుర్తించామని ప్రకటించారు. చదివినప్పుడు ఎగిరి గంతేశాను. అది నాకు అర్థమయ్యే భాష, నేను చేసే పని కూడా అదే.

అసలు ఈ టపా రాయడానికి కారణం అదేనండి. గత రెండేళ్ళుగా ఒక ఆఫీసుకి నేను రాస్తున్నది సరిగ్గా అలాంటి ప్రోగ్రామే. అక్కడ పదకొండు మంది ఆడవాళ్ళు, చాలామంది యాభై దాటినవాళ్ళు, స్కాన్ చేసిన దరఖాస్తులు రోజంతా తెర మీద చూస్తారు. తేడాగా ఉన్నవి పక్కన పెడతారు. అందులో ఒక పెద్దావిడ ఉంది. పేజీ మధ్యలో చేతిరాత మారితే సిరా రంగు ఒకటే అయినా సరే పట్టేస్తుంది. "ఎలా తెలిసింది?" అని అడిగితే, "చెయ్యి అలిసిపోయిన మనిషి రాసే 'ఏడు' ఇలా ఉండదు" అంది. ఆవిడ పక్కన పెట్టిన కాగితాలే నా ప్రోగ్రాముకి పాఠాలు. జపాన్ వాళ్ళకి నిజం బొమ్మలు లేక దొంగ బొమ్మలు చేసుకోవాల్సి వచ్చింది, నాకు ఈవిడ పదిహేనేళ్ళ పని ఒక్క ఫోల్డరులో దొరికింది. ప్రోగ్రాము బాగా పనిచేస్తుంది. పని బాగా చేసేకొద్దీ పదకొండు కుర్చీల్లో ఎన్ని మిగులుతాయన్నది మీటింగుల్లో ఎవరూ పైకి అనరు. అందరికీ తెలుసు.

అమ్మకి ఇదీ చెప్పాను. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టలేదు.

"మిషనొస్తే మంచిదేరా. ఆ మంట నీకేం తెలుసు," అంది. మళ్ళీ తనే, "ఇంతకీ ఆ ఏరినోళ్ళ పేర్లేమన్నా రాశారంటనా?" అని అడిగింది.

ఆ ప్రశ్నకి నా దగ్గర ఒక మంచి జవాబు ఉంది, బ్రిస్టల్‌ది. అక్కడి పాత పరిశోధన పత్రాల్లో ఫోటో కింద ఆ సంఘటనని చూసినవారి పేరు వేసేవారు. నోబెల్ బహుమతి 1950లో పావెల్ గారికే వచ్చింది, అది వేరే సంగతి. కానీ బొమ్మ కింద పేరుంది. డెబ్బై ఏళ్ళు దాటాక ఎవరైనా "ఎవరు చూశారు?" అని అడిగితే సమాధానం దొరుకుతోందంటే ఆ ఒక్క లైను వల్లే. మారియెట్టా కుర్జ్ అనే పేరు నాదాకా వచ్చింది కూడా అలాగే. కూలి సంగతి అడిగితే మాత్రం నా దగ్గర జవాబు లేదు. అమ్మ మొదట కూలి గురించే అడుగుతుందనుకున్నాను, పేరు గురించి అడిగింది.

ప్రాజెక్టు చివర్లో మేము ఇచ్చే డాక్యుమెంటులో ఒక పేజీ చేర్చాను. "ఈ ప్రోగ్రాముకి ఉదాహరణలు గుర్తించి ఇచ్చినవారు" అని, కింద పదకొండు పేర్లు, అక్షర క్రమంలో. వాళ్ళందరినీ అడిగే చేర్చాను. ఒకావిడ తన పెళ్ళికి ముందరి ఇంటిపేరు కూడా వెయ్యమంది. అక్కడి మేనేజరు చదివి, "ఇది మా టెంప్లేటులో లేదు కదా" అన్నాడు. నేను ఏదో పెద్ద ఉపన్యాసం ఇవ్వలేదు. "టెంప్లేటులో ఒక వరస కలుపుదాం, తర్వాతి ప్రాజెక్టులకి కూడా ఉంటుంది" అన్నాను. ఓ వారం నానబెట్టి సరే అన్నాడు. పేజీ ఉంది. కుర్చీలు మాత్రం పదకొండు నుంచి నాలుగుకి వచ్చాయి. నాలుగింట్లో ఒకటి ఆ పెద్దావిడది. ప్రోగ్రాము ఎటూ తేల్చుకోలేని కాగితాలు ఇప్పుడు ఆవిడ దగ్గరికి వెళతాయి. "ఇంతకుముందు రోజుకి నాలుగు మంచి కాగితాలు దొరికేవి, ఇప్పుడన్నీ కష్టమైనవే" అని విసుక్కుంటోంది. మిగతా ఏడుగురిలో ఇద్దరు వేరే విభాగానికి మారారు. ఐదుగురు వెళ్ళిపోయారు. పేజీలో పేరుండటం వల్ల వాళ్ళకి అద్దె కట్టడానికి డబ్బులు రావని నాకూ తెలుసు.

జపాన్ పలకల్లో వెతుకులాట ఇంకా సాగుతోంది. అక్కడ కూడా ప్రోగ్రాము "ఇది కావచ్చు" అన్న ప్రతి బొమ్మనీ చివరికి ఒక మనిషి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసి, గీతలు కొలిచి ఖాయం చేస్తాడు. అందులో రెండు లాంబ్డాలవి ఇంకొన్ని దొరికితే న్యూట్రాన్ నక్షత్రాలు ఎందుకు కూలిపోవడం లేదో కాస్త తెలుస్తుంది. దొరికితే దానికి ఏ నది పేరు పెడతారో కూడా చూడాలి.

మీరెప్పుడైనా అలాంటి బొమ్మ చూస్తే, నల్లటి చుక్కల గీతలతో నక్షత్రంలా ఉంటుంది, మర్చిపోకుండా కింద చూడండి. ఎవరి పేరైనా ఉందేమో. ఉంటే ఒకసారి పైకి చదవండి. మా అమ్మ అడిగింది.